ఈ వయసులో బొమ్మలా, సిస్టర్?



మా నర్సింగ్ ఆఫీసు బీరువా మీద జానెడున్నర ఎత్తున ఒక చార్మినార్ ఉంది. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టినది. చీటీ మీద సంతకానికి వచ్చినవారు, పేషెంట్ల బంధువులు, ఆదివారం ఆరాధన తర్వాత పలకరించే సంఘ కుటుంబాలవారు అందరూ దాన్ని చూసి ఒకటే అడుగుతున్నారు: “మనుమడి కోసమా?” కాదు, నా కోసమే అంటే ముఖం అదోలా పెడతారు. కొందరు మొహమాటం లేకుండా “ఈ వయసులో బొమ్మలా, సిస్టర్?” అనేశారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడంకన్నా ఒకసారి రాసేస్తే మంచిదనిపించింది.

నిరుడు వానాకాలంలో క్వార్టర్స్ మెట్ల మీద జారి, కుడిచేయి ఆనించి పడ్డాను. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పిన రోజు నా చేయి నాకే కొత్తగా కనబడింది. సన్నగా, పాలిపోయి, వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా ఆంప్యూల్ విరిచిన చేయి చొక్కా బొత్తం పెట్టలేకపోయింది. ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు పిసకమన్నారు. రెండు రోజులు చేశాను. మూడోరోజు బంతి సొరుగులోకి పోయింది. ఎంతమంది పేషెంట్లను “వేళ్లు కదపకపోతే ఎట్లా?” అని కోప్పడ్డానో నాకే తెలుసు. నా వంతు వచ్చేసరికి నేనూ వాళ్లలాంటిదాన్నే అయ్యాను. నొప్పికి భయపడి కాదు, విసుగు పుట్టి మానేశాను. పైకి చెప్పలేదుగానీ, ఈ చేయి మళ్లీ పనికొస్తుందా అన్న దిగులు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే అటక దులుపుతుంటే మా అమ్మాయి చిన్నప్పటి బొమ్మ ఇటుకల సంచి దొరికింది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది. ఊరికే రెండు ముక్కలు తీసి ఒకదానిమీద ఒకటి నొక్కాను. టక్కుమని అతుక్కున్నాయి. విడదీయబోతే బొటనవేలు, చూపుడువేలు వణికాయి. అయినా వదలబుద్ధి కాలేదు. గడియారం చూసుకుంటే నలభై నిమిషాలు గడిచాయి. బంతితో నాలుగు నిమిషాలు కూడా కూర్చోలేనిదాన్ని.

ఈ ఇటుకల సంగతి కొంచెం చెప్పాలి. డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన పనికి లెగో అని పేరు పెట్టుకున్నాడు. బాగా ఆడుకో అని వారి భాషలో ఆ మాటకు మూలం. ప్లాస్టిక్ ఇటుక మాత్రం ఆయన సొంత ఊహ కాదు. ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అంతకుముందే అటువంటివి చేశాడు. దాన్ని చూసి, కొంత మార్చి, 1949లో లెగోవారు తమది తెచ్చారు. అది సరిగా పట్టు నిలిచేది కాదు. 1958 జనవరి 28న పేటెంటుకు పెట్టిన కొత్త ఇటుకలో, కిందివైపు బోలుగా ఉన్నచోట గొట్టాలు చేర్చారు. పైనున్న బుడిపె ఆ గొట్టానికీ గోడకూ నడుమ ఇరుక్కుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. ఉన్నదంతా ఆ ఇరుకులోనే ఉంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో కూడా అతుకుతుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఇస్తే వాటిని ఎన్ని విధాల కలపవచ్చో డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటరుతో లెక్కగట్టారు. 91,51,03,765 విధాలట. పెట్టెమీద వేసిన బొమ్మ అందులో ఒకటి. మిగతావి మనకు వదిలేశారు.

పెట్టెలో వచ్చిన పుస్తకం ప్రకారం కట్టడం ఒక సరదా. అది విప్పేసి, అవే ముక్కలతో పుస్తకంలో లేనిది కట్టడం వేరే సరదా. పెద్దవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఈ రెండోదానికే. ప్రపంచంలో అటువంటి పెద్దవాళ్లు లక్షల్లో ఉన్నారని కంపెనీకి కూడా తెలుసు. 2008లో 5,922 ముక్కల తాజ్‌మహల్ పెట్టె తెచ్చింది. 2020 నుంచి పెద్దల పెట్టెల మీద 18 దాటినవారికి అని అచ్చువేస్తోంది. వాటి ధర విని నేను నోరు తెరిచాను. మనకు ఆ పెట్టెలు అక్కర్లేదు.

అయినా మన దగ్గర పెద్దవాళ్లు బొమ్మలతో ఆడుకోవడం కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్లు ఎన్ని, చెరువు ఎక్కడ, పొలం ఎక్కడ అని తేల్చేది పెద్దవాళ్లే. కొండపల్లి బొమ్మల వారు తెల్ల పొణికి కర్రతో కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికిస్తారు. మన ఇళ్లలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేటప్పుడు చూడండి. అద్దం ముక్క చెరువవుతుంది, రంపపు పొట్టు నేల అవుతుంది, నిరుడు ఎడమవైపు ఉన్న ఒంటె ఈసారి కుడివైపుకు వస్తుంది. యాభై ఏళ్ల పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు గొర్రెలు సర్దుతుంటాడు. పండుగ పేరు చెప్పి ఆడుకుంటాం, అంతే తేడా. మన పాతబస్తీలోనే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951లో తెరిచారు. అక్కడ గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడే జనంలో పిల్లలెంతమందో, మీసాలున్నవారు అంతమంది.

ఇక నా చార్మినార్. అసలు కట్టడం ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. మీనార్ల ఎత్తు 50 మీటర్లకు అటూ ఇటూ. ఇటుకమీద బుడిపె నుంచి బుడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఒక వైపుకు 16 బుడిపెలు పెట్టుకున్నాను, అంటే 12.8 సెంటీమీటర్లు. ఆ లెక్కన మీనారు 32 సెంటీమీటర్లు రావాలి, 33 వరుసల ఇటుకలు. మనిషి ఒక్క సెంటీమీటరే ఉంటాడు. సంచిలో ఉన్న బొమ్మ మనుషులు నాలుగు సెంటీమీటర్లు. వాళ్లను కింద నిలబెడితే రాక్షసుల్లా కనిపించారు. అందుకని ఒక్క బుడిపె గుండ్రని ముక్కలు పోసి జనం అనుకోమన్నాను. పండుగ రోజుల్లో పై నుంచి చూస్తే అంతేగా కనబడేది!

కమాను దగ్గర పదిహేను రోజులు పట్టింది. కమాను ముక్కలు నా సంచిలో లేవు. ఇటుకలనే ఒక్కో బుడిపె చొప్పున లోపలికి జరుపుకుంటూ రెండువైపులా కలపాలి. అన్నీ సమానంగా జరిపితే మెట్లు బోర్లించినట్టు వచ్చింది, కమానులా లేదు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి చార్మినార్ దాకా నడిచి, చాయ్ బండి దగ్గర నిలబడి, తీరిగ్గా పైకి చూశాను. ముప్పై ఏళ్లుగా ఆ దారిన పోతున్నాను, కమాను వంపును ఎన్నడూ చూడలేదు. కింద దాదాపు నిటారుగా లేస్తుంది, పైకి పోయేకొద్దీ తొందరగా లోపలికి వంగి మొన తేలుతుంది. ఇంటికి వచ్చి మొదటి జరుపుకు మూడు ఇటుకల ఎత్తు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి, చివరికి రెండు పలుచని పలకలు పెట్టాను. పలక అంటే ఇటుకలో మూడోవంతు మందం ఉండే ముక్క. అప్పుడు కమాను వచ్చింది. రాత్రి పదకొండు గంటలకు మావారిని లేపి చూపించాను. ఆయన బాగుందని మళ్లీ పడుకున్నారు.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఎండ తగిలే చోట ఏళ్ల తరబడి ఉన్న తెల్ల ఇటుకలు పచ్చబారతాయి. మా సంచిలోవి చాలావరకు అటువంటివే. వీటిని తెల్లగా చేయడానికి అభిమానులు ఏవేవో తంటాలు పడతారట. నాకైతే పాతబడిన సున్నం రంగు అంతకన్నా బాగా ఎక్కడ దొరుకుతుంది?

మీనార్లకు గుండ్రని ఇటుకలు 132 కావాలి. నా దగ్గర ముప్పై కూడా లేవు. బేగంబజారులో వేరే కంపెనీలవి కొన్నాను. పాత పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది కనుక వేరేవారు చేయడంలో తప్పు లేదు. కానీ వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టు వదులవుతుంది. ఇరవై వరుసలు దాటగానే మీనారు వాలిపోయేది. ఆ ఇటుకల మధ్యలో రంధ్రం ఉంది. అందులో ఊలు అల్లే సూది దించాను. ఈ ఆటలో నియమనిష్ఠలు పాటించేవారు దీన్ని ఒప్పుకోరు. జిగురు పూయడం, ముక్క కోయడం, బయటి వస్తువు దూర్చడం వాళ్లకు దొంగాట. జిగురు నేనూ పూయలేదు. సూది విషయంలో మాత్రం నాకు సిగ్గు లేదు. విరిగిన ఎముకలో రాడ్డు వేస్తే తప్పంటామా?

ఆ నాలుగు నెలల్లో నా చేయి చాలావరకు తిరిగి వచ్చింది. ఇటుకలవల్లే వచ్చిందని నేను చెప్పను. ఫిజియోథెరపిస్టు నేర్పిన మణికట్టు వ్యాయామాలు, వేడినీళ్ల కాపడం మానలేదు. ఇటుకలు చేసిన మేలు ఒక్కటే: రోజూ గంటసేపు వేళ్లు కదపడానికి నాకొక కారణం దొరికింది. కట్టు విప్పినవారు, పక్షవాతం తర్వాత చేయి కోలుకుంటున్నవారు ముందు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టండి. వాపు వచ్చినా, రాత్రికి నొప్పి పెరిగినా ఆపండి. చిన్నవి కాక పెద్ద ఇటుకలతో మొదలుపెట్టండి. ముక్కలు పళ్లతో విడదీయకండి. నేను ఒకసారి విడదీశాను, పన్ను అంచు పోయింది.

ఒకరోజు ఫిజియోథెరపీ గదిలో లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసే ఒకాయన కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలి దగ్గర గాజు కోసుకుని, టెండన్ తెగి, కుట్టించుకుని మూడు నెలలు దాటింది. బరువు ఎత్తడం తప్ప అన్నీ చేయవచ్చని డాక్టరు చెప్పారు. ఆయన ఏమీ చేయడం లేదు. వేడి లక్కమీద చంకీ రాళ్లు ఒక్కొక్కటీ అద్దే చేయి అది. మునుపటంత చురుగ్గా రాదేమోనన్న భయానికి దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేవాడు. నాకు తెలిసిన భయమే. సగం కట్టిన చార్మినార్, చిన్న ముక్కల ట్రే తెచ్చి ముందు పెట్టాను. “ఇవి పోరగాండ్లు ఆడేటివి” అని ముఖం తిప్పుకున్నాడు. నేను వార్డు రౌండుకు పోయి వచ్చేసరికి, పై అంతస్తు జాలీ వరుసలో నేను వంకరగా పెట్టినవన్నీ తీసి తిన్నగా అద్దుతున్నాడు. కుడిచేత్తోనే. నన్ను చూసి ఆపలేదు. “సిస్టరమ్మా, మీ చార్మినార్‌కు ఘడీ ఏది?” అన్నాడు.

ఆ గడియారం సంగతి మళ్లీ చెబుతాను. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి, మీ ఇళ్లకు పనికొస్తుంది.

ఆపరేషన్ థియేటరులో కుట్లు వేసి మూసేముందు గాజుగుడ్డలు, సూదులు, పరికరాలు లెక్కపెడతాం. లెక్క కుదరకపోతే మూయనివ్వం. ఇంట్లో ఇటుకలకూ అదే అలవాటు చేసుకున్నాను. రంగువారీగా కిడ్నీ ట్రేలలో పోసి, లేచేముందు లెక్క. ఒక రాత్రి ఒక ముక్క తక్కువ వచ్చింది. అలసిపోయి, రేపు వెతుకుదాంలే అని పడుకున్నాను. మావారికి చాలా ఏళ్లుగా షుగరు. పాదాలకు స్పర్శ తగ్గింది. మర్నాడు ఆయన చెప్పులు వేసుకుని సంతకు పోయి వచ్చారు, రెండు గంటలు తిరిగారు. రాత్రి పడుకునేముందు అలవాటుగా పాదాలు చూస్తుంటే కుడి మడమ కింద ఎర్రగా చదరపు గుర్తు, పక్కనే నీటిపొక్కు. చెప్పు దులిపితే ఇటుక రాలింది. ఆయనకు తెలియనే లేదు. మనలాంటివారు ఇటుక మీద కాలు వేస్తే కెవ్వుమంటాం. ఆ కెవ్వుమనడం మనకు ఎంత రక్షణో ఆ రాత్రి నాకు బోధపడింది. పొక్కు చిదమకుండా శుభ్రంగా కట్టు కట్టి, మర్నాడే డాక్టరుకు చూపించాం. మూడు వారాలకు మానింది. అటువంటి చిన్న పొక్కు పుండై, వేలు తీసేయవలసి వచ్చినవారిని నేను వార్డులో చూశాను. షుగరు ఉన్నవారింట్లో నేలమీద ఏ చిన్న వస్తువూ ఉండకూడదు, చెప్పులు దులపకుండా వేసుకోకూడదు, రాత్రి పాదాలు చూడకుండా పడుకోకూడదు.

రెండో భయం పసిపిల్లలు. మా మనుమడికి రెండేళ్లు. వాడు వచ్చే రోజు ఇటుకలన్నీ తాళంలోకి పోతాయి. మూడేళ్లలోపు పిల్లలకు ఈ చిన్న ముక్కలు ఇవ్వకూడదు. 2018లో ఒక వైద్య పత్రికలో సరదా పరిశోధన ఒకటి వచ్చింది. పిల్లల వైద్యంలో పనిచేసే ఆరుగురు తామే లెగో బొమ్మ తలకాయ మింగి, ఎప్పుడు బయటపడుతుందో చూసుకున్నారు. సగటున 1.71 రోజులు పట్టింది. ఒకరిది ఎంత వెతికినా దొరకలేదు. మేం చదివి చాలా నవ్వుకున్నాం. నునుపైన చిన్న ముక్క కడుపులోకి చేరితే మామూలుగా దానంతటదే పోతుంది. అసలు ప్రమాదం అది ఊపిరి దారిలో ఇరుక్కుంటే. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, నీలంగా మారుతుంటే ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, భుజాల మధ్య అరచేతి మొదటితో ఐదు దెబ్బలు, తర్వాత వెనుకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపుమీద ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు. ముక్క బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూనే ఆసుపత్రికి సాయం పిలవండి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

లైటు వెలిగే బొమ్మల్లో ఉండే గుండ్రని బటన్ సెల్ మింగితే మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. అది అన్నవాహికలో చిక్కుకుంటే రెండు గంటల్లోపే లోపల కాల్చేస్తుంది. వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రెండు అయస్కాంతం ముక్కలు మింగినా అంతే, నడుమ పేగు నలిగిపోతుంది. పిల్లల కోసం కొనేటప్పుడు పెట్టెమీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. మరిగే నీళ్లలో వేస్తే వంకరపోతాయి, మా ఆయాగారు సిరంజిలు మరిగించిన పాత రోజులు గుర్తుకొచ్చి ఒక గిన్నెడు అలాగే పాడుచేసింది.

పెద్ద ఆసుపత్రుల్లో వీటిని వేరే పనికీ వాడుతున్నారు. ఎం.ఆర్.ఐ. యంత్రంలోకి పోవడానికి పిల్లలు భయపడతారు కదా. ఇటుకలతో కట్టిన చిన్న ఎం.ఆర్.ఐ. బొమ్మ ముందు పెట్టి, బొమ్మ మనిషిని లోపలికి పంపి చూపిస్తారు. 2022లో లెగో ఫౌండేషన్ అటువంటివి 600 ఆసుపత్రులకు ఇస్తున్నట్లు ప్రకటించింది. మా పిల్లల వార్డు కోసం మిగిలిన ముక్కలతో ఇంజెక్షన్ గది ఒకటి కట్టాను. పిల్లలు బొమ్మ నర్సు తల పీకి దాచేస్తున్నారు.

గడియారం సంగతికి వస్తాను. నా దగ్గర ఒకే ఒక్క గడియారం ముక్క ఉంది, అమ్మాయి బొమ్మ రైల్వేస్టేషన్‌లోది. అసలు చార్మినార్‌కు నాలుగువైపులా ఉన్నాయి. అందుకని మానేసి, పైకి మాత్రం “ఇది 1591 నాటిది, గడియారాలు 1889లో కదా పెట్టింది” అని జవాబు చెప్పాను. గాజులాయన ఒప్పుకోలేదు. “1591లో మీ దవాఖాన ఉన్నదా సిస్టరమ్మా? మూడువందల ఏండ్లకు వాళ్లు పెట్టుకున్నరు గద, మనం పెట్టుకుంటే ఏమైతది?” అన్నాడు. పక్కకు బుడిపె ఉన్న ఇటుక ఒకటి కావాలి. ట్రేలో ఆయనే వెతికి తీశాడు. కమాను పైన రెండు వరుసలు విప్పి, ఆ ఇటుక ఇరికించి, మళ్లీ మూశాడు. పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు చేయి దులుపుకున్నాడు.

ఏ వైపు పెట్టాలని నేను అడగకముందే పడమటివైపు తిప్పి పెట్టాడు. అటువైపు లాడ్‌బజార్.